వన్యప్రాణులు నిజంగా కోలుకుంటున్నాయా? ఆశ పెట్టుకోవడానికి ఆధారాలు ఎక్కడున్నాయి?

వెన్నెలవాగు

సభ్యులందరికీ నమస్కారం. అడవుల గురించీ, సముద్రాల గురించీ వచ్చే వార్తలు చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతోంది. నాలాగే చాలామంది ఒక దశ దాటాక ఆ వార్తలు చదవడమే మానేస్తున్నారని గమనించాను. అలా మానేసినవారు ఆ తర్వాత ఏ పనికీ ముందుకు రావడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అంతా సర్దుకుంటుందనే ఓదార్పు నాకు అక్కర్లేదు. అంతరించిపోయే దశకు చేరిన జీవులు మళ్లీ నిలదొక్కుకున్న ఉదాహరణలు కావాలి. అంతకంటే ముఖ్యంగా, అవి ఎందుకు నిలదొక్కుకోగలిగాయో తెలియాలి. కారణం తెలియని మంచి వార్త అదృష్టంలా కనిపిస్తుంది, అదృష్టాన్ని నమ్ముకుని ఎవరూ పనిచేయలేరు.

అలలబాట

తిమింగలాలతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంత పెద్ద ఎత్తున జరిగిన విధ్వంసమూ, ఇంత స్పష్టంగా కనిపించిన కోలుకోవడమూ ఒకే కథలో దొరకడం అరుదు. 20వ శతాబ్దంలో వేట పరిశ్రమ ప్రపంచమంతటా దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపింది. నైరుతి అట్లాంటిక్ సముద్రంలో బ్రెజిల్ తీరానికి పిల్లలను కనడానికి వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాలు 1950ల మధ్యనాటికి సుమారు 450 మాత్రమే మిగిలాయి. 2019లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం వాటి సంఖ్య 25 వేలకు చేరింది. వేట మొదలుకాకముందు ఉండిన సంఖ్యలో ఇది 93 శాతమని పరిశోధకులు అంచనా వేశారు.

వీటిని ఎవరూ బంధించి పెంచలేదు, తెచ్చి సముద్రంలో వదలలేదు. చంపడం ఆగింది, అంతే. అయితే ఆ ఆగడం వెనుక ఎన్నో ఏళ్ల శ్రమ ఉంది. అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1982లో వాణిజ్య వేటను నిలిపివేయాలని తీర్మానించగా, అది 1986 నాటికి అమలులోకి వచ్చింది. అంతకుముందు కాగితం మీద ఉన్న నియమాలను సోవియట్ నౌకలు దశాబ్దాలపాటు ఉల్లంఘించి, దాదాపు 1 లక్షా 80 వేల తిమింగలాల వేటను లెక్కల్లో దాచిపెట్టాయి. ఆ సంగతిని 1990లలో బయటపెట్టింది రష్యా శాస్త్రవేత్తలే. 1972లో నౌకల మీద పరాయి దేశాల పరిశీలకులను ఉంచడం మొదలయ్యాకే ఆ మోసం తగ్గుముఖం పట్టింది. నియమం రాయడంతో పని సగమే అవుతుందనీ, దాన్ని కనిపెట్టి చూసేవారు ఉన్నప్పుడే అది నిజమవుతుందనీ నేను ఈ కథ నుంచి గ్రహించాను.

నిదానం

అలలబాట గారి ఉదాహరణ గొప్పదే, కానీ దాన్ని అన్ని జీవులకూ వర్తింపజేయడానికి నేను వెనకాడతాను. వేట ఆపితే చాలనే సూత్రం న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపల విషయంలో పనిచేయలేదు. 1992లో కెనడా ప్రభుత్వం ఆ చేపల వేటను నిలిపివేసింది; సుమారు 30 వేల మంది ఒక్కసారిగా జీవనాధారం కోల్పోయారు. రెండేళ్లలో చేపలు తిరిగి వస్తాయని అప్పట్లో అనుకున్నారు. మూడు దశాబ్దాలు గడిచినా అవి పూర్వపు స్థాయికి చేరుకోలేదు. ఒక జీవి సంఖ్య బాగా పడిపోయాక దాని చుట్టూ ఉన్న ఆహార సంబంధాలే మారిపోతాయి. అప్పుడు కారణాన్ని తొలగించినా పాత స్థితి దానంతట అది తిరిగి రాదు.

మరొక మాట కూడా చెప్పాలి. ప్రతి తరమూ తన చిన్ననాటి ప్రకృతినే అసలు ప్రకృతిగా భావించి, ఆ కొలతతోనే లాభనష్టాలను లెక్కిస్తుందని డేనియల్ పౌలీ అనే మత్స్యశాస్త్రవేత్త 1995లో హెచ్చరించారు. వందకు పడిపోయిన సంఖ్య మూడు వందలైతే మనం పండగ చేసుకుంటాం, ఒకప్పుడు అక్కడ లక్ష ఉండేవన్న సంగతి మరిచిపోతాం. ఆశ గురించి మాట్లాడుకునేటప్పుడు ఏ సంవత్సరంతో పోల్చి చూస్తున్నామో ప్రతిసారీ చెప్పుకోవడం అవసరం.

గణితప్రియ

నిదానం గారి హెచ్చరికతో ఏకీభవిస్తూనే, నిరాశ వైపు జరిగే లెక్కల పొరపాటు కూడా ఒకటుందని గుర్తు చేయదలిచాను. 1970 నుంచి 2020 వరకు వన్యప్రాణుల జనాభా 73 శాతం తగ్గిందని ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వెలువరించిన 2024 నాటి లివింగ్ ప్లానెట్ నివేదిక చెప్పిందని మీరందరూ చదివే ఉంటారు. చాలా వార్తలు దీన్ని "73 శాతం జంతువులు చనిపోయాయి" అని రాశాయి. ఆ సంఖ్యకు అర్థం అది కాదు. పరిశీలనలో ఉన్న వేలాది గుంపుల్లో ఒక్కొక్కటి ఎంత శాతం మారిందో చూసి, ఆ మార్పులకు తీసిన సగటు అది. సులభంగా చెప్పాలంటే, ఒక గుంపు 10 నుంచి 1కి, మరొకటి 1,000 నుంచి 990కి తగ్గాయనుకోండి. మొదటిది 90 శాతం, రెండోది 1 శాతం. మామూలు సగటు తీసినా 45 శాతం దాటుతుంది. మొత్తం జంతువుల్లో తగ్గినవి మాత్రం 2 శాతం లోపే. దీనివల్ల సమస్య చిన్నదని నేననడం లేదు. కొన్ని గుంపులు భయంకరంగా కూలిపోతున్నాయనీ, కొన్ని నిలకడగా ఉన్నాయనీ, కొన్ని పెరుగుతున్నాయనీ ఆ ఒక్క సంఖ్య మనకు చెప్పలేదు. ఎక్కడ పని చేయాలో తెలియాలంటే ఆ తేడాలే కావాలి.

అసలు రక్షణ చర్యలు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే ప్రయత్నం కూడా జరిగింది. చర్య తీసుకున్న చోటునూ తీసుకోని చోటునూ పోల్చిన 665 సందర్భాలను సమీకరించిన ఒక అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాదాపు మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఆ చర్యల వల్ల పరిస్థితి మెరుగుపడింది, లేదా క్షీణత నెమ్మదించింది. మిగిలిన మూడో వంతులో ఆశించిన ఫలితం రాలేదు. నా దృష్టిలో ఇది చాలా నిజాయితీ గల సంఖ్య. ఆసుపత్రుల్లో వాడే ఎన్నో చికిత్సల గురించి కూడా ఇంతకు మించి చెప్పలేం. 1993 నుంచి 2020 మధ్య పక్షుల్లోనూ క్షీరదాల్లోనూ కలిపి కనీసం 28, బహుశా 48 జాతులు అంతరించకుండా ఆపగలిగామని మరొక అధ్యయనం లెక్కగట్టింది.

గద్దచూపు

కారణం తెలిసిన మంచి వార్త కావాలని వెన్నెలవాగు గారు అడిగారు కనుక, కారణాన్ని వెతికి పట్టుకోవడమే సగం పనైన రెండు సంఘటనలు చెబుతాను.

మొదటిది డీడీటీ అనే పురుగుమందు. 1963 నాటికి అమెరికాలో, అలాస్కా మినహా, గూడు కట్టిన బాల్డ్ ఈగిల్ గద్దల జంటలు 417 మాత్రమే కనిపించాయి. ఆ పురుగుమందు చేపల ద్వారా గద్దల శరీరంలో చేరి, గుడ్ల పెంకు పలచబడేలా చేసేది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త వివిధ సేకరణల్లో భద్రపరిచిన పాత గుడ్ల పెంకులను కొత్తవాటితో పోల్చి, అవి 1940ల చివరి నుంచే పలచబడ్డాయని 1967లో నిరూపించారు. అంటే డీడీటీ వాడకం మొదలైన కాలం నుంచేనన్నమాట. 1972లో అమెరికా దానిని నిషేధించింది. 2007లో ఆ గద్దను ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తొలగించేనాటికి జంటలు దాదాపు 10 వేలయ్యాయి. 2019 నాటి అంచనా 71 వేలు దాటింది.

రెండోది మన ఉపఖండపు రాబందులది. దీన్ని నేను విజయగాథగా చెప్పలేను. తెల్లవీపు రాబందులు 1992, 2007 సంవత్సరాల మధ్య 99 శాతానికి పైగా నశించాయి. మొదట ఏదో అంటురోగమని అనుమానించారు. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను లిండ్సే ఓక్స్ బృందం పరీక్షించి, అసలు కారణం పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అని 2004లో ప్రకటించింది. ఆ మందు ఇచ్చిన పశువు చనిపోయాక దాని కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. వంద కళేబరాల్లో ఒకటి కంటే తక్కువ కలుషితమైనా ఇంతటి క్షీణతకు సరిపోతుందని గణన చెప్పింది, ఎందుకంటే ఒక్కో కళేబరం మీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి.

2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ దేశాలు పశువైద్యంలో ఈ మందును నిషేధించాయి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అప్పటికే ఉండటం వల్ల పశుపోషకులకు మరో దారి దొరికింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడటం కొనసాగింది. 2015లో భారత్ ఆ సీసాల పరిమాణాన్ని తగ్గించింది. కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ కూడా ప్రమాదకరమని తేలి, వాటి మీద 2023లో నిషేధం వచ్చింది. క్షీణత వేగం బాగా తగ్గింది, కానీ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పెద్దదవడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల మనం చేసిన మంచి పని ఫలితం కనిపించడానికి ఒక మనిషి జీవితంలో పెద్ద భాగం పట్టవచ్చు. ఫలితం ఇంకా కనిపించడం లేదు కాబట్టి చర్య విఫలమైందని తీర్మానించే తొందరపాటు ఇలాంటి చోట్ల చాలా హాని చేస్తుంది.

గువ్వలచెట్టు

చిన్న ఉదాహరణే, కానీ నాకు ఎంతో ఇష్టమైనది. న్యూజిలాండ్‌కు చెందిన చాతమ్ దీవుల్లో నల్ల రాబిన్ అనే పిట్టలు 1980 నాటికి ఐదు మాత్రమే మిగిలాయి. వాటిలో గుడ్లు పెట్టి పిల్లలను పెంచగలిగిన ఆడపిట్ట ఒక్కటే. దానికి ఓల్డ్ బ్లూ అని పేరు. డాన్ మెర్టన్ బృందం దాని మొదటి గుడ్లను తీసి, దగ్గరి బంధువులైన టామ్‌టిట్ పిట్టల గూళ్లలో పొదిగించేది. గుడ్లు పోయాయనుకున్న ఓల్డ్ బ్లూ మళ్లీ గూడు కట్టి గుడ్లు పెట్టేది. ఇప్పుడున్న రెండు వందలకు పైగా నల్ల రాబిన్లన్నీ ఆ ఒక్క తల్లి సంతానమే. జన్యు వైవిధ్యం ఇంత తక్కువగా ఉండటం వాటికి ఎప్పటికీ తప్పని బలహీనత, ఆ మాట కూడా చెప్పాలి. అయినా ఐదు పిట్టలు మిగిలినప్పుడు ఇక లాభం లేదని వదిలేయడానికి ఎవరికైనా సరిపడినన్ని కారణాలు ఉండేవి.

చేనుగట్టు

ఇప్పటివరకు జరిగిన చర్చలో జంతువుల సంఖ్యలే వచ్చాయి. వాటి పక్కన బతికే మనుషుల మాట రాలేదు. నేపాల్‌లో 2010 ప్రాంతంలో 121 ఉన్న పులులు 2022 నాటికి 355 అయ్యాయి. భారతదేశంలో 2006 అంచనా 1,411 కాగా 2022 అంచనా 3,682. మధ్యలో లెక్కించే పద్ధతీ, లెక్కించిన ప్రాంతాల విస్తృతీ పెరిగాయని గుర్తుంచుకున్నా ఇది పెద్ద పెరుగుదలే. దూరాన ఉన్నవారికి ఆ సంఖ్య సంతోషం కలిగిస్తుంది. అడవి అంచున పశువులు మేపుకునే కుటుంబానికి అదే సంఖ్య కోల్పోయిన ఆవుగా, కొన్నిసార్లు తిరిగిరాని మనిషిగా ఎదురవుతుంది. ఆ నష్టానికి పరిహారం ఆలస్యమైన ప్రతిచోటా విషం పెట్టిన కళేబరమో, తీగెల ఉచ్చో కనిపించే అవకాశం పెరుగుతుంది. వన్యప్రాణులు కోలుకోవడం వల్ల కలిగే ఆనందం అందరిదీ, దాని ఖర్చు మాత్రం కొందరిదీ అయినప్పుడు అది ఎక్కువ కాలం నిలవదని నా గట్టి నమ్మకం.

దీన్ని సరిచేసే మార్గాలు లేకపోలేదు. మధ్య ఆఫ్రికాలోని విరుంగా పర్వతాల్లో 1980ల మొదట్లో దాదాపు 250కి పడిపోయిన కొండ గొరిల్లాలు, ఉగాండాలోని బ్విండి అడవిలోని వాటితో కలిపి, 2018 నాటికి 1,000 దాటాయి. పశువైద్యులు అడవిలోకే వెళ్లి గాయపడిన గొరిల్లాలకు చికిత్స చేయడం ఒక కారణమైతే, పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల గ్రామాలకు వాటా ఇవ్వడం మరొకటి; రువాండా 2017లో ఆ వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచింది. మెక్సికోలోని కాబో పుల్మోలో అయితే స్థానిక మత్స్యకార కుటుంబాలే తమ తీరాన్ని కాపాడమని కోరడంతో 1995లో సముద్ర ఉద్యానం ఏర్పడింది. 1999 నుంచి 2009 వరకు అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. వేట మానినవారే కాపలాదారులయ్యారు కాబట్టే ఆ ఫలితం వచ్చింది.

నిదానం

చేనుగట్టు గారు చెప్పిన మాటకు ఎదురుదిశ ఉదాహరణ ఒకటి ఉంది. అరేబియా ఓరిక్స్ అనే జింక జాతి 1972 నాటికి అడవిలో పూర్తిగా అంతరించింది. అంతకు పదేళ్ల ముందే కొన్నింటిని పట్టి ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలలో పెంచడం మొదలుపెట్టారు కనుక, 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ వదలగలిగారు. 1990లలో అక్కడ వాటి సంఖ్య నాలుగు వందలు దాటింది. 1996లో అక్రమ వేట మళ్లీ మొదలైంది. పదేళ్లు గడిచేసరికి ఆ మంద దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ప్రభుత్వం ఆ అభయారణ్యం విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించింది, 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. ఆ జాబితాలో చేరి, తర్వాత తొలగింపునకు గురైన మొదటి స్థలం అదే. అయితే ఇతర దేశాల్లోనూ మందలు ఉండటం వల్ల ఓరిక్స్ జాతి నిలిచింది. 2011లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దాని పరిస్థితి మెరుగుపడిందని ప్రకటించింది. నాకు ఆశ కలిగించేది ఆ రెండో భాగమే: ఒకే చోట ఓడిపోతే అంతా పోకుండా ముందుగానే ఏర్పాటు చేసుకున్నవారి దూరదృష్టి.

నింగినీలి

వన్యప్రాణులకు నేరుగా సంబంధించినది కాకపోయినా, ఓజోన్ పొరను ఈ చర్చలో చేర్చకుండా ఉండలేను. ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) ఆ పొరను దెబ్బతీస్తాయని మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద రంధ్రం ఉన్నట్టు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1987లోనే ఆ రసాయనాలను నియంత్రించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తర్వాత ప్రపంచంలోని అన్ని దేశాలూ దాన్ని ఆమోదించాయి. ఒప్పందం కింద నియంత్రించిన పదార్థాల్లో దాదాపు 99 శాతం వాడకం ఆగిపోయింది. ఇప్పుడున్న విధానాలు కొనసాగితే అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతంలో 1980 నాటి స్థాయికి చేరుతుందని శాస్త్రవేత్తల అంచనా.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2018 నాటి సంఘటన. ఆగిపోయి ఉండవలసిన సీఎఫ్‌సీ-11 గాలిలో అనుకున్నంత వేగంగా తగ్గడం లేదని కొలతలు చూపించాయి. కొత్తగా పెరిగిన ఉద్గారాల్లో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తోందని పరిశోధకులు గుర్తించగా, కొద్ది కాలంలోనే అవి తగ్గిపోయాయి. ఎవరూ చూడని చోట జరిగిన ఉల్లంఘనను గాలి నమూనాలే పట్టించాయి. అలలబాట గారు చెప్పిన నౌకల మీది పరిశీలకుల పనే ఇది, ఆకాశం స్థాయిలో.

వెన్నెలవాగు

ఇన్ని వివరాలకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మాత్రం మిగిలింది. మీరు చెప్పిన చోట్లన్నింటిలో తొలగించగలిగిన కారణం ఒకటుంది: ఒక మందు, ఒక రసాయనం, ఒక వేట. భూమి వేడెక్కడానికి అలాంటి ఒక్క కారణం లేదు కదా. పగడపు దిబ్బల గురించి మనం ఏమని ఆశపడాలి?

నింగినీలి

మీ సందేహం సరైనదే, దానికి నా దగ్గర సంతృప్తికరమైన సమాధానం లేదు. క్లోరోఫ్లోరోకార్బన్లను తయారుచేసిన సంస్థలు కొన్నే, వాటికి బదులు వాడే పదార్థాలు త్వరగా దొరికాయి. బొగ్గు, చమురు మన ప్రతి పనిలోనూ ఉన్నాయి. 2023లో మొదలై 2024లో అధికారికంగా ప్రకటించిన పగడాల తెల్లబారడం ప్రపంచవ్యాప్తంగా జరిగిన నాలుగో పెద్ద ఘటన. అక్కడ కోలుకున్న కథ చెప్పడానికి ఇంకా వీలు లేదు. సౌర ఫలకాల ధర 2010ల దశాబ్దంలో దాదాపు 90 శాతం తగ్గడం లాంటి మార్పులు నాకు ధైర్యమిస్తాయి, కానీ సముద్రం ఇప్పటికే పీల్చుకున్న వేడి వెంటనే పోదు. మురుగునీరు, అతిగా చేపలు పట్టడం వంటి స్థానిక ఒత్తిళ్లను తగ్గిస్తే పగడాలు వేడి దెబ్బ తర్వాత కోలుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని సంపాదించడం మన చేతిలో ఉంది, దాన్ని చిన్న విషయంగా చూడకూడదు.

అలలబాట

నింగినీలి గారి మాటను మరొక తిమింగలంతో కొనసాగిస్తాను, ఎందుకంటే ఇక్కడ పాత కారణమూ కొత్త కారణమూ కలిసిపోయాయి. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు నాలుగు వందల లోపే మిగిలాయి. వీటి వేట 1930లలోనే నిషేధమైంది. ఇప్పుడు వీటిని చంపుతున్నవి వేగంగా వెళ్లే ఓడలూ, పీతలనూ లాబ్‌స్టర్లనూ (పెద్ద రొయ్యల వంటి జీవులు) పట్టే బోనులకు కట్టే తాళ్లూ. నీరు వేడెక్కి వాటి ఆహారం మరో చోటికి జరగడంతో అవి కెనడాలోని సెయింట్ లారెన్స్ అఖాతం వైపు వెళ్లాయి. అప్పటికి అక్కడ వాటికి రక్షణ ఏర్పాట్లేవీ లేవు. 2017లో ఒక్క ఏడాదిలో 17 తిమింగలాలు చనిపోయాయి, వాటిలో 12 కెనడా జలాల్లోనే.

ఆ తర్వాత కెనడా ఆ ప్రాంతంలో ఓడల వేగాన్ని పరిమితం చేసింది, తిమింగలం కనిపించిన చోట వలలూ బోనులూ తాత్కాలికంగా తీసివేయించడం మొదలుపెట్టింది. నిలువు తాడు లేకుండా, సంకేతం అందగానే అడుగు నుంచి పైకి తేలే బోనులు తయారయ్యాయి, కొందరు మత్స్యకారులు వాటిని పరీక్షిస్తున్నారు. వాటి ధర ఎక్కువ, కాబట్టి ఆ భారం మత్స్యకారుల మీదే పడకుండా చూడాలన్న చేనుగట్టు గారి వాదన ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సముద్రం వేడెక్కడాన్ని ఈ పదేళ్లలో ఆపలేం, కానీ తాళ్లనూ ఓడల వేగాన్నీ ఈ పదేళ్లలోనే మార్చగలం. ఆ జాతిలో పిల్లలను కనే వయసులో ఉన్న ఆడ తిమింగలాలు వంద కూడా లేవు కనుక, ఒక్కదాన్ని కాపాడినా అది లెక్కలో కనిపిస్తుంది.